ఇస్త్రీ అక్క కాపలా

ఆ ఆస్పత్రి అడుగు అంతస్తులో, లాండ్రీ గదిలో, ఎనిమిది మిషన్లు ఒకేసారి తిరుగుతున్నా అందరికీ వినపడే గొంతు ఒకటే, ఇన్‌చార్జిది. ఆవిడకి యాభైకి రెండేళ్ళు తక్కువ. ఆపరేషన్ థియేటర్ బట్టలు ఏ మిషన్లో పడాలో, పిల్లల వార్డు దుప్పట్లు ఎన్ని మడతలు పెట్టాలో, ఏ ట్రాలీ ముందు పైకి వెళ్ళాలో పొద్దున ఏడింటి నుంచి మూడింటి దాకా చెబుతూనే ఉంటుంది. తను చెప్పకపోతే ఏ పనీ జరగదని ఆవిడ నమ్మకం. ఇంట్లోనూ అంతే. టాక్సీ నడిపే భర్త, "రోడ్డు మీద సిగ్నల్ లైటు, ఇంట్లో మీ వదిన. రెండూ చూసుకుంటూ పోతే ఏ గొడవా ఉండదురా" అని తమ్ముడికి బుద్ధులు చెబుతుంటాడు.

ఆ తమ్ముడు ఎలక్ట్రీషియన్. మేడ మీద గదిలో ఉంటాడు. ఆ మధ్య నిచ్చెన మీంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాల కట్టు. హాయిగా విశ్రాంతి తీసుకోవాల్సినవాడు, శనివారం దగ్గరపడేకొద్దీ కాలుగాలిన పిల్లిలా తిరగసాగాడు.

"ఏమైందయ్యా నీకు?" అంది వదిన.

"శనివారం సాయంత్రం మా టీమ్ మ్యాచ్ వదినా, కంప్యూటర్లో. తొమ్మిది మందిమి. ఒక్కరు తగ్గినా ఆ పక్క బోసిపోతుంది. నా బదులు నువ్వు కూర్చోవా?"

"ఆ తుపాకులాటా? నా వయసేంటి, ఆ ఆటేంటి?"

"తుపాకీ పేల్చేది పావలా వంతే వదినా. మిగతా ముప్పావలా చెప్పింది వినడం, చూసింది చెప్పడం."

"చెప్పడమైతే సరే. అది నాకు వెన్నతో పెట్టిన విద్య" అంది ఆవిడ. వినడం గురించి అన్న ముక్క చెవిన పడనే లేదు.

నాలుగు సాయంత్రాలు మరిది పక్కన కూర్చుని ఏ మీట నొక్కితే నడక, ఏది నొక్కితే పరుగు, మాట్లాడాలంటే ఏది నొక్కి పట్టుకోవాలి అన్నీ నేర్పాడు. ఆటలో ప్రతివాళ్ళకీ ఒక మారుపేరు ఉండాలి. వదినకి "ఇస్త్రీ" అని పెట్టాడు. లీడర్ మారుపేరు "నత్త". ఎక్కడో ఒక వీధిలో గడియారాలు బాగుచేసే మనిషట. టీమ్‌లో ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, అందరికీ తెలిసింది గొంతులే.

శనివారం ఆరింటికి మ్యాచ్ మొదలైంది. పడిపోయిన గోడల ఊరు, మధ్యలో ఒక పాత బడి. ఆ బడిని పట్టుకుని గంటసేపు నిలబెట్టుకోవాలి. ఇస్త్రీ అడుగు పెట్టిన రెండో నిమిషానికి లాండ్రీ గదిలో ఉన్నట్టే మొదలుపెట్టేసింది.

"ఏయ్, ఆ చెట్టు చాటున దాక్కుని ఏం చేస్తున్నావ్? ముందుకు పద! ఆ లారీ ఎందుకలా అడ్డంగా ఆగింది? ఎవరయ్యా డ్రైవరు? కొంచెం ఎడమకి తియ్యి!"

లారీ ఎడమకి తిరిగింది. ఎడమ పక్క శత్రువులు పాతిన మందుపాతర ఉందని నత్త అప్పటికి రెండుసార్లు చెప్పాడు. ఇస్త్రీ గొంతు కింద ఆ మాట ఎవరికీ వినపడలేదు. లారీ పేలిపోయింది. అందులో ఉన్న మందుగుండంతా పోయింది. పావుగంటలో బడి చేజారింది.

ఆ తరవాత నత్త నింపాదిగా, "ఇస్త్రీ గారూ, మీ గొంతు బంగారం. కానీ మీరు మాట్లాడుతుంటే నాకు అడుగుల చప్పుడు వినపడట్లేదు. రేపు మధ్యాహ్నం నాతో ఒక గంట సాధన చేస్తారా?" అన్నాడు.

ఆవిడ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. మొహం కందగడ్డలా ఉంది. "నాకు సాధనా? ఆ నత్తా నాకు చెప్పేది?"

మరిది నవ్వు ఆపుకుంటూ, "మానెయ్యి వదినా, నీకెందుకొచ్చిన తలనొప్పి" అన్నాడు. ఆ మాటే పనిచేసింది. మానెయ్యమంటే మానేసే మనిషి కాదు ఆవిడ. పైగా మనసులో ఒక మూల లారీ ఇంకా మండుతూనే ఉంది. తన కింద కొత్తగా చేరినవాళ్ళు తెల్ల దుప్పట్లలో రంగు చీర ముక్క వేసేసినప్పుడు తను ఎలా అరుస్తుందో గుర్తొచ్చింది. నత్త అరవలేదు.

ఆదివారం ఆటలోని ఒక ఖాళీ మైదానంలో వాళ్ళిద్దరే. నత్త చెప్పింది ఒక్కటే. "ఎక్కడ, ఎంతమంది, ఏం చేస్తున్నారు. ఈ మూడూ చెప్పి మీట వదిలేయండి. ఎందుకు, ఏమిటి, ఛీ, అయ్యో, ఇవన్నీ ఆట అయ్యాక మాట్లాడుకుందాం."

"అయ్యో కూడా అనకూడదా?"

"మీట వదిలేసి ఎన్నిసార్లైనా అనుకోవచ్చు."

ఆవిడకి నవ్వొచ్చింది. ఆ గంటలో మూడు మాటల్లో చెప్పడం ముప్ఫైసార్లు చేసింది. మొదట్లో ప్రతిదానికీ ఓ తోక తగిలించేది. చివరికొచ్చేసరికి తోకలు రాలిపోయాయి.

తరవాతి శనివారం ఆటలో బడితో పాటు ఊరి అవతల వంతెనకీ పాయింట్లున్నాయి. నత్త ఆవిడని బడి పై అంతస్తులో నిలబెట్టాడు. "ఇస్త్రీ అక్కా, ఈ ఉత్తరం కిటికీ మీది. ఇంకేదీ చూడొద్దు, మిగతాది మేం చూసుకుంటాం."

పది నిమిషాలైంది. కిటికీ అవతల సందులో పిట్ట కూడా లేదు. కింద కాల్పులు, అరుపులు, ఎవరో పరిగెత్తడం. ఏమవుతోందో వెళ్ళి చూద్దామని ఆవిడ మనసు లాగేస్తోంది. ఇరవై నిమిషాలైంది. అప్పుడు గానీ గమనించలేదు, భుజాలు దిగి ఉన్నాయి, ఊపిరి నిమ్మళంగా ఆడుతోంది. ఇది ఒక్కటి నువ్వు చూసుకో, మిగతాది మేం చూసుకుంటాం అని ఆవిడతో ఈ పాతికేళ్ళలో అన్నవాళ్ళు లేరు. అననిచ్చిందీ లేదనుకోండి. ఖాళీ సందుని చూస్తూ అంత హాయిగా కూర్చోవచ్చని ఎవరైనా చెబితే నమ్మేది కాదు.

నలభయ్యో నిమిషంలో నత్త గొంతు ఆగిపోయింది. ఆయన వీధిలో కరెంటు పోయిందని తరవాత తెలిసింది. టీమ్ అంతా గందరగోళం. "అక్కా, మీరు చెప్పండి, మీకు గొంతుంది" అన్నాడొకడు.

పక్కన మరిది కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. ఆవిడ నోటిదాకా మాట వచ్చింది. కానీ తనకి ఈ కిటికీ తప్ప ఏం తెలుసు? టీమ్‌లో దెబ్బ తగిలి పడినవాళ్ళకి కట్లు కట్టి లేపే మనిషి ఒకామె ఉంది, "పావురం" అంటారు. పూలకొట్టులో పనిచేస్తుంది, పెదవి విప్పడమే తక్కువ. ఆటంతా ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి తిరుగుతూనే ఉంది.

"పావురం, అందరి దగ్గరికీ తిరిగింది నువ్వే. నువ్వు చెప్పమ్మా, మేం వింటాం. నేను కిటికీ వదలను" అని మీట వదిలేసింది.

పావురం సన్నటి గొంతు వణుకుతూ మొదలై, నాలుగో మాటకి కుదుటపడింది. ఇద్దరిని మెట్ల దగ్గరికి పంపింది, ఒకరిని వెనక్కి పిలిచింది. అందరూ కదిలారు.

అప్పుడే సందులో రెండు నీడలు. "ఉత్తరం గోడ. ఇద్దరు. నిచ్చెన వేస్తున్నారు" అంది ఇస్త్రీ. తరవాత కాల్చింది, పదింట్లో ఒక్కటి తగిలిందేమో. వాళ్ళ గుండు తగిలి ఆవిడే పడిపోయింది. కానీ ఆ మాట విని ముగ్గురు పరిగెత్తుకొచ్చి ఆ పక్కని కాపాడారు. పావురం వచ్చి లేపింది. గంట కొట్టేదాకా బడి వాళ్ళదే. అయినా ఊరి అవతల వంతెన చేజారినందుకు మొత్తం మీద నాలుగు పాయింట్లతో ఓడిపోయారు.

తప్పు ఎవరిదని ఇప్పుడు మొదలెడతారని ఆవిడ కాచుకుని కూర్చుంది. ఎవరూ మొదలెట్టలేదు. "పావురానికి ఇంత గొంతుందా!" అని ఒకరు, "నిచ్చెన సంగతి భలే చెప్పావక్కా" అని ఒకరు. అంతలో కరెంటొచ్చి నత్త తిరిగొచ్చాడు. జరిగింది విని, "అయితే నేను లేకపోతేనే నయం" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

ఆవిడ కిందికి దిగేసరికి భర్త అన్నం వడ్డించుకుంటున్నాడు. "గెలిచారా?"

"ఓడిపోయాం."

"ఓడిపోయి ఇంత సంబరమేంటే?"

"నీకు చెప్పినా అర్థం కాదులే. జరుగు, నాకూ పెట్టు" అంది. కూరలో ఉప్పు తక్కువైందని తెలిసినా ఆ పూట ఏమీ అనలేదు. ఆయనకి కాస్త భయం కూడా వేసింది.

ఆరు వారాలు గడిచి మరిది కట్టు విప్పారు. చేతిని అటూ ఇటూ తిప్పుకుంటూ, "ఇక నా కుర్చీ నాకిచ్చెయ్యి వదినా" అన్నాడు.

"నీ కుర్చీ ఏంటి? ఉత్తరం పక్క నాది. నత్త గారే చెప్పారు. నువ్వు వేరే చోటు చూసుకో."

అతను ఎవరి దగ్గరో పాత కంప్యూటర్ సంపాదించి, పక్క గదిలో పెట్టుకున్నాడు. ఆ శనివారం వదినా మరిదీ ఇద్దరూ ఆటకి కూర్చున్నారు. అయిదు నిమిషాలకే నత్త అడిగాడు.

"ఇస్త్రీ అక్కా, మీరు పొందిగ్గానే చెబుతున్నారు గానీ ప్రతి మాటా రెండుసార్లు వినపడుతోంది. ఎందుకంటారు?"

"ఆ రెండోది మా మరిది మైకులోంచి. మా ఇంట్లో గోడలు పల్చన" అని, ఆవిడ లేచి వెళ్ళి తలుపు వేసొచ్చింది.