నలుగురమే

“మన దగ్గర నలుగురమే అని పెట్టు మంజూ,” అన్నాడు జగదీశ్, ఇస్త్రీ చొక్కాలో చేతులు దూరుస్తూ. “ఎక్కువ పెడితే లెక్క పాడైతది.”

మంజుశ్రీ బెండకాయలు తరుగుతోంది. వంటగట్టు మీద కుక్కర్‌కు ఇవతల ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. కత్తి ఒక్క క్షణం ఆపి “సరే” అంది. ఆ ఇంట్లో ఆమె అందరికంటే ఎక్కువగా వాడే మాట అదే. పెళ్లయిన నాటి నుంచి ఆ ఒక్క మాటకు కూలి కట్టి ఉంటే ఈపాటికి సనత్‌నగర్‌లో ఆమె పేరు మీద ఒక ఫ్లాట్ ఉండేది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో, మూడో అంతస్తులో ఇల్లు, మొదటి అంతస్తులో ఆఫీసు. గూగుల్‌లో ఎవరైనా పళ్ల డాక్టర్ కోసమో ఫంక్షన్ హాల్ కోసమో వెతికితే, డబ్బు కట్టిన వాళ్ల పేరు పైన కనిపించేలా చూడటం వాళ్ల వ్యాపారం. ఆఫీసులో జగదీశ్ మీటింగులకు పోతాడు. మహిపాల్ కొత్త కస్టమర్లను పట్టుకొస్తాడు. పూజ బొమ్మలు గీస్తుంది, గిరిబాబు బిల్లులు చూసుకుంటాడు. ఇక ఆ ప్రకటనలు రాసి, ఏ మాట మీద ఎంత ఖర్చు పెట్టాలో తేల్చి, పొద్దున లేవగానే ఏది నడిచిందో ఏది పడుకుందో చూసి సరిచేసే మనిషికి కింద కుర్చీ లేదు. పైన వంటగట్టు ఉంది.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి బెంగళూరు నుంచి ఒక పెద్ద కంపెనీ వాళ్లు వస్తున్నారు. మాట కుదిరితే ఏజెన్సీని కొనేస్తారు. వచ్చేముందు ఒక పట్టిక అడిగారు. హైదరాబాద్‌లో ఇదే పని చేసే ఏజెన్సీలలో ఎవరి ఆదాయం ఎంత, ఎవరి దగ్గర ఎంతమంది ఉన్నారు, తలకు ఎంత పడుతుంది. తలకు ఎంత అన్న దాని మీదే ధర ఆధారపడి ఉందని జగదీశ్ వారం నుంచి నిద్రలో కూడా చెబుతున్నాడు. ఆ పట్టిక తయారుచేసే పని ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పాలా.

పట్టిక దాదాపు అయిపోయింది. ఖైరతాబాద్ వాళ్లకు తలకు పద్నాలుగు లక్షలు. పంజాగుట్టలో రాగసుధ ఏజెన్సీకి పదిహేడు. ఆఖరి వరుసలో తమది, ఏడాదికి ఎనభై లక్షలు, నలుగురు మనుషులు, తలకు ఇరవై. అందరికంటే పైన. “తక్కువ మందితోని ఎక్కువ పని, అదే మన బలం,” అని జగదీశ్ నిన్న అద్దం ముందు నిలబడి రెండుసార్లు అనుకున్నాడు. మంజుశ్రీ ఊరికే, ఎవరూ చూడకుండా, నాలుగు తీసి ఐదు కొట్టి చూసింది. ఇరవై కాస్తా పదహారైంది. రాగసుధ వాళ్ల కిందికి జారిపోయారు. గబుక్కున మళ్లీ నాలుగు కొట్టింది, దొంగతనం చేస్తూ దొరికినట్లు గుమ్మం వైపు చూసింది. తన ఇంట్లో, తన ల్యాప్‌టాప్‌లో, తనను తాను లెక్కపెట్టుకున్నందుకు భయం. ఆ భయం మీద ఆమెకే కోపం వచ్చింది.

రాగసుధ వాళ్ల మనుషుల సంఖ్య ఒక్కటే ఖాయం చేసుకోవాలి. ఈ వ్యాపారంలో ఎవరి వెబ్‌సైట్ చూసినా యాభై మంది నిపుణులే, లోపలికి పోతే వాచ్‌మన్‌తో కలిపి పది. పెళ్లికి ముందు మంజుశ్రీ రెండేళ్లు రాగసుధ దగ్గరే పనిచేసింది. మొహమాటపడుతూనే ఫోన్ చేసింది.

“ముప్ఫై మందిమి. సైట్లో అరవై అని ఉంటుంది, అది నమ్మకండి,” అని నవ్వింది రాగసుధ. “మీరెంతమంది?”

“నలుగురమే మేడమ్.”

“మీతో కలిపేనా?”

కుక్కర్ రెండో విజిల్ వేసింది. అవతల రాగసుధకు అది వినిపించే ఉంటుంది.

“చూడండి మంజుశ్రీ గారూ, మీ వాళ్ల యాడ్స్ ఎవరు రాస్తున్నారో నాకు తెలుసు. మీ రాత తీరు నాకు కొత్తేం కాదు. నాకు ఆ పనికి మనిషి కావాలి. రెండు నెలల నుంచి వెతుకుతున్నా. ఏంటి, అడగకూడదా?”

“చెప్తా మేడమ్,” అని పెట్టేసింది. అది కూడా ‘సరే’ లాంటి మాటే, ఏ పూచీ లేనిది. ఫోన్ పక్కన పెట్టి పోపులో ఆవాలు వేసింది. అవి చిటపటలాడుతుంటే ఒక్కొక్క మాటే గుర్తుకొచ్చింది. కస్టమర్లు ఎవరైనా పైకి వస్తే జగదీశ్ పరిచయం చేసే తీరు, “మా మిసెస్, చాయ్ మస్తు చేస్తది.” ఆమె రాసిన మెయిళ్ల కింద అతని పేరు. కూకట్‌పల్లి ఆసుపత్రి వాళ్లు శాలువా కప్పితే “నాదేముంది, టీం వర్క్” అంటూ అతను కింది ముగ్గురినీ చూపించటం. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. జీతం సంగతి ఒక్కసారి ఎత్తింది, రెండో ఏట. “ఈ జేబుల తీసి ఆ జేబుల పెట్టుడే గదా మంజూ. మా అమ్మ జిందగంతా మగ్గానికి కండెలు చుట్టింది, ఎన్నడన్న మా బాపును కూలి అడిగిందా?” అన్నాడు. ఆ తర్వాత అడగలేదు. అత్త పేరు చెప్పి నోరు మూయిస్తే ఏ కోడలు తెరుస్తుంది.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు జగదీశ్ ఉషారుగా ఉన్నాడు. తల్లి బుచ్చవ్వ కూడా పక్కనే కూర్చుని తింటోంది.

“నన్ను మూడేండ్లు డైరెక్టర్‌గ పెట్టుకుంటరు. కింద ముగ్గురిని సుత తీస్కుంటరు, జీతాలు పెంచి,” అన్నాడు.

“మరి యాడ్స్ ఎవరు చూస్తరు?” అంది మంజుశ్రీ, పెరుగు వడ్డిస్తూ.

“నువ్వున్నవ్ గదా. ఏడాది దాంక రిజల్ట్ తగ్గొద్దని కాగితంల రాసిన్రు. తగ్గితే పైసలు ఆపుతరు. జర చూస్తుండు. అటెన్క ఇంట్ల ఆరాంగుండు, మస్తు చేసినవ్ ఇన్నొద్దులు.”

“వాళ్లకు నా పేరు చెప్పిన్రా?”

“ఎందుకు ఫికర్? నీ పేరు చెప్తే లెక్క మారదా? నువ్వేమన్న పరాయిదానివా, లెక్కల పెట్టనీకి?”

మంజుశ్రీ పెరుగు గిన్నె కింద పెట్టింది. అమ్మాక కూడా ఆమె పని అక్కడే ఉంటుంది, ఆమె మాత్రం ఎక్కడా ఉండదు. ఆ కాగితంలో కుర్చీలు, కంప్యూటర్లు, ఏసీ కూడా ఉన్నాయి. ఏసీ కూడా ఉంది.

“మా అమ్మనడుగు,” అన్నాడు జగదీశ్ వాదన గెలవటానికి. “అమ్మా, నువ్వు కండెలు చుట్టినందుకు బాపును ఎన్నడన్న కూలి అడిగినవా?”

బుచ్చవ్వ మజ్జిగ అన్నం కలుపుతోంది. ఈమె కోడలి వైపు మాట్లాడే మనిషి కాదు. మొన్నటికి మొన్న “మొగని పనికి లెక్కేందే” అని కసిరింది కూడా. సిరిసిల్లలో ముప్ఫై ఏళ్లు మగ్గం పక్కన కూర్చుని నూలు చుట్టిన వేళ్లు ఇప్పటికీ సరిగ్గా ముడవవు.

“అడగలే,” అంది. “చేనేత సొసైటోళ్లు వచ్చేది. ఒక మగ్గం, ఒక మనిషి, ఉప్పలయ్య అని మీ బాపు పేరు రాస్కపోయేది. నేను వాళ్లకు చాయిచ్చేది.” ఇంకో ముద్ద తిన్నది. “అడిగితే ఇస్తరని తెల్వకపాయె బిడ్డా. తెలుస్తే ఇడుస్తుంటినా?”

జగదీశ్ నవ్వేసి చెయ్యి కడుక్కోవటానికి లేచాడు. మూడున్నరకల్లా పట్టిక ప్రింట్ తీసి తెమ్మని, చాయ్ ఎనిమిది కప్పులు కావాలని చెప్పి కిందికి పోయాడు.

మంజుశ్రీ కంచాలు ఎత్తింది. గిన్నెలు తోమింది. చేతులు తుడుచుకుని, బాల్కనీ తలుపు దగ్గరికి వేసుకుని, ఫోన్ చేసింది. ఈసారి ‘సరే’ అని అన్నప్పుడు ఆ మాట ఆమె చెవికే కొత్తగా వినిపించింది. లోపలికి వచ్చి పట్టికలో ఒకే ఒక్క అంకె మార్చింది. ఆ పక్కన దాని భాగాహారం మళ్లీ చూసుకుని, ఉతికిన కాటన్ చీర కట్టుకుని, కాగితాలతో మెట్లు దిగింది.

ఆఫీసు గదిలో అగరుబత్తి వెలుగుతోంది. గిరిబాబు కుర్చీలు తుడుస్తున్నాడు. జగదీశ్ కాగితం అందుకుని ముందు ఆఖరి వరుస చూశాడు. నలుగురు, ఇరవై లక్షలు. ఊపిరి వదిలి, పైనుంచి మళ్లీ చదువుకుంటూ వచ్చి మధ్యలో ఆగాడు.

“రాగసుధ వాళ్లది ముప్ఫై గదా. ముప్ఫై ఒకటి ఎందుకు పెట్టినవ్?”

“ఇయ్యాల ఒకరు కొత్తగ చేరిన్రు.”

“ఎవరు?”

కింద కారు ఆగిన చప్పుడైంది. తలుపులు వేస్తున్న శబ్దం, తెలియని గొంతులు. గిరిబాబు వాళ్లకు ఎదురుపోయాడు. జగదీశ్ కాగితం మీంచి తలెత్తి భార్య వైపు చూశాడు. చాయ్ కప్పులు ఎక్కడా లేవు. భుజానికి సంచీ ఉంది, అందులోంచి ల్యాప్‌టాప్ అంచు కనిపిస్తోంది.

“మంజూ,” అన్నాడు, గొంతు తగ్గించి. “మరి ఇక్కడ?”

“ఇక్కడి లెక్క మీరు చెప్పినట్లే పెట్టిన,” అంది మంజుశ్రీ, లోపలికి వస్తున్న వాళ్లకు దారి ఇచ్చి పక్కకు జరుగుతూ. “పొద్దుగాల అది అబద్ధముండె. ఇప్పుడు నిజంగనే నలుగురే.”