జాకెట్ల మధ్య ఏదులగుట్ట

నేను ఒక చిన్న కెమెరాను. నాలాంటి వాటిని మిర్రర్‌లెస్ అంటారు. పాత కెమెరాల్లో లెన్సు వెనుక ఒక అద్దం ఉండేది. నాలో అది లేదు కాబట్టి బరువు తక్కువ, లెన్సుతో కలిపి నాలుగు వందల ఇరవై గ్రాములు. 2019 జూన్‌లో థాయిలాండ్‌లోని ఒక ఫ్యాక్టరీలో నన్ను బిగించారు. బిగించిన మనిషిని నేను చూడలేదు. ఆమె ముఖానికి ముసుగు ఉంది, నాకు మూత ఉంది.

నా మొదటి యజమాని విశ్వతేజ. హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం. నన్ను ఎంచుకోవడానికి అతనికి ఐదు నెలలు పట్టింది. పదకొండు కెమెరాల పేర్లు ఒక పట్టికలో రాసుకున్నాడు. కొండలూ లోయలూ తీయడానికి ఏది మేలు, రోజూ జేబులో వేసుకుని తిరగడానికి ఏది మేలు అని వీడియోలు చూశాడు, తెలియని వాళ్ళతో వాదించాడు. చివరికి నన్ను కొని ఒకసారి అనంతగిరి తీసుకెళ్ళాడు. అరవై ఒక్క ఫొటోలు తీశాడు. తిరిగి వచ్చాక ఆ ఫొటోలు చూడలేదు, నా తర్వాత వచ్చిన మోడల్ గురించి వీడియో చూశాడు. ఎనిమిది నెలలకు నన్ను అమ్మకానికి పెట్టాడు. ఆ ప్రకటన కోసం తెల్ల టవలు పరిచి, దాని మీద నన్ను ఉంచి, ఫోనుతో ఫొటో తీశాడు. మనుషులు చాలామంది ఎంచుకోవడంలోనే అలసిపోతారు. వాడుకునే నాటికి ఓపిక మిగలదు.

అలా నేను సెకండ్‌హ్యాండ్ కెమెరాలు అమ్మే ఒక దుకాణానికి చేరాను. 2020 నవంబరులో అక్కడికి మొండయ్య సార్ వచ్చారు. కరీంనగర్ వైపు ఏదులపల్లె ఆయనది. ముప్ఫై రెండేళ్ళు సర్కారు బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. ఆయన దగ్గర పట్టిక లేదు. చొక్కా జేబులో ఒక కాగితం ఉంది. దాని మీద పెన్సిల్‌తో ఒక గుట్ట బొమ్మ గీసి ఉంది.

"వెడ్డింగులకా సార్, వీడియోలకా?" అని దుకాణం అతను అడిగాడు.

"గుట్ట తియ్యాలె."

"ట్రెక్కింగ్ పోతారా?"

"పోను. మా ఇంటి డాబా మీదికెల్లి కనవడ్తది. ఆ కొసకెల్లి ఈ కొసదాకా పట్టాలె. మా ఇంటామె గూడ పట్టుకోవాలె, ఆమె చెయ్యి చిన్నది."

దుకాణం అతను గాజు బల్ల మీద మూడు కెమెరాలు పెట్టాడు. పెద్దదాన్ని మెచ్చుకుంటూ చాలాసేపు మాట్లాడాడు. మొండయ్య సార్ ఒక్కొక్కదాన్నీ తీసుకుని గుమ్మంలో నిలబడి ఎదుటి భవనాన్ని చూశారు. ప్రతి కెమెరాలో భవనం ఎక్కడ మొదలై ఎక్కడ తెగిపోయిందో కాగితం మీద గీత గీసుకున్నారు. నాలో రెండు కొసలూ పట్టాయి.

"పెద్దది తీసుకోండి సార్, స్టాండు మీద పెట్టుకోవచ్చు. గుట్ట ఎటు పోతది?" అన్నాడు దుకాణం అతను.

సార్ నన్ను చొక్కా జేబులో పెట్టి చూసుకున్నారు. పట్టాను. బిల్లు లేదు, ఒక చీటీ మీద దుకాణం ముద్ర వేసి ఇచ్చారు.

ఏదులగుట్ట ఊరికి దక్షిణంగా కిలోమీటరున్నర దూరంలో ఉంది. దాని ఎడమ భాగంలో పడిన వాన ఒక ఒర్రెగా దిగి ఊరి కుంటలో కలుస్తుంది. ఆ కుంట కింద నలభై ఇళ్ళ వాళ్ళ పొలాలున్నాయి. గుట్ట కుడి భాగంలో గ్రానైట్ తీయడానికి అనుమతి వస్తుందని ఊళ్ళో అప్పటికే అనుకుంటున్నారు. సార్ నన్ను కొన్నది అందుకు. కుడి భాగంతో ఆగుతారని ఆయన నమ్మలేదు. డాబా మూలన పిట్టగోడ మీద సుద్దతో ఒక గీత గీశారు. ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికి నన్ను ఆ గీత మీద పెట్టి, ఒక్క ఫొటో తీసేవారు. ఒక్కటే. రెండోది ఎప్పుడూ తీయలేదు.

2021 ఏప్రిల్‌లో క్వారీ మొదలైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పేలుడు. తర్వాత దుమ్ము. మామిడి ఆకుల మీదా, మజ్జిగ కుండ మూత మీదా, నా లెన్సు కొస మీదా అదే దుమ్ము.

ఇక్కడ ఆ ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కింద సార్ రేడియో ఒకటి లోపల సెల్లులు కారి పాడైపోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో పని అయిపోగానే దేని సెల్లులైనా బయటికి తీస్తారు. టార్చిలైటువి తీస్తారు, టీవీ రిమోటువి తీస్తారు. ఫొటో అయ్యాక నా బ్యాటరీ కూడా తీసి, కాగితంలో చుట్టి, అరలో స్టీలు గిన్నెలో పెట్టేవారు.

బ్యాటరీ లేకపోతే నా లోపలి గడియారం కొన్ని గంటలే నడుస్తుంది. తర్వాత ఆగిపోతుంది. మళ్ళీ బ్యాటరీ వేసినప్పుడు, తేదీ పెట్టమని తెర మీద అడుగుతాను. సార్ డాబా మీదికి చదివే కళ్ళద్దాలు తెచ్చుకునేవారు కాదు. ఆ అక్షరాలు ఏవో అనుమతి అడుగుతున్నాయనుకుని ఓకే నొక్కేవారు. నేను 2018 జనవరి ఒకటి అని రాసుకునేదాన్ని. నాకు తెలిసిన మొదటి తేదీ అది. ఆ తేదీకి నేను పుట్టనేలేదు.

సార్ భార్య భూలక్ష్మమ్మ జాకెట్లు కుడుతుంది. కుట్టిన ప్రతి జాకెట్‌నూ ఇచ్చే ముందు గోడకు వేలాడదీసి నాతో ఫొటో తీసేది. ఒకటి ముందు వైపు, ఒకటి వీపు వైపు. తర్వాత వచ్చే ఆడవాళ్ళు నా తెర మీద చూసి "నాక్కూడ గీ మెడనే పెట్టు వదినా" అనేవారు.

"గుట్ట కోసం కొన్న కెమెరాలో అన్ని జాకెట్లేనాయె" అని సార్ విసుక్కునేవారు.

"నీ గుట్ట ఎప్పుడు జూసినా ఒక్క తీరే ఉంటది. నా జాకెట్లు ఒక్కటన్న రెండోదాని తీరు ఉన్నదా?" అనేది ఆమె.

గుట్ట ఒక్క తీరుగా లేదు. క్వారీ కుడి భాగం దాటి ఎడమకు వచ్చింది. మెల్లగా వచ్చింది కాబట్టి ఊళ్ళో చాలామందికి అది కనిపించలేదు. నాకు కనిపించింది. మూడేళ్ళలో ఎడమ భాగం మూడో వంతుకు వచ్చింది. ఒర్రె సన్నబడింది. కుంట సగం కూడా నిండలేదు. 2024 మార్చిలో ఊరివాళ్ళు ఫిర్యాదు చేశారు. క్వారీ వాళ్ళ సమాధానం చిన్నది: ఎడమ భాగాన్ని తాము ముట్టుకోలేదు, తమకు లీజు వచ్చేనాటికే అది అలా ఉంది. ఆ మాట నిలిస్తే మిగిలిన మూడో వంతుకూ అడ్డు చెప్పేవాళ్ళుండరు.

సార్ ధైర్యంగానే ఉన్నారు. నూట అరవై నాలుగు ఆదివారాలు నాలో ఉన్నాయి. ఫొటోల్ని కరీంనగర్‌లో అచ్చు వేయించి డివిజన్ ఆఫీసుకు తీసుకెళ్ళారు. విచారణ చేసే అధికారిణి ఒక్కొక్కటే తిప్పింది. ప్రతి ఫొటో కింద మూలన నేను వేసిన తేదీ ఉంది.

క్వారీ తరఫు వకీలు ముందుకు వంగి చూశాడు.

"మేడమ్, ఇవి వాళ్ళు తెచ్చిన సాక్ష్యాలే. అన్నీ 2018వి. మా లీజు 2021లో వచ్చింది. మేము చెప్పేదీ అదే కదా."

ఊరి తరఫు వకీలు గౌసుద్దీన్ ఫొటోలు తీసుకుని చూశాడు. తర్వాత సార్ వైపు తిరిగి మెల్లగా "సార్, గిదేంది?" అన్నాడు.

నా లెక్కలో 2018 జనవరి ఒకటిన, అర్ధరాత్రి దాటిన నాలుగైదు నిమిషాల్లో, ఒక గుట్ట ఎడమ భాగం మూడో వంతుకు తగ్గింది. అధికారిణి తెలివైన మనిషి.

"ఈ తేదీలు తప్పని తెలుస్తూనే ఉంది మాస్టారూ. కానీ సరైన తేదీలు ఏవి? ఫొటోల నంబర్లను బట్టి ఏది ముందు, ఏది వెనక అన్నది తెలుస్తుంది. ఎప్పుడు అన్నది తెలియడం లేదు. మూడు వారాలు టైమిస్తాను."

ఇంటికి వచ్చాక సార్ అన్నం ముందు కూర్చున్నారు కానీ తినలేదు. నూట అరవై నాలుగు సార్లు నేను అడిగాను, నూట అరవై నాలుగు సార్లు ఆయన ఓకే నొక్కారు. ఎవరిది తప్పు అని నేను ఆలోచించలేదు. అప్పటికే అలసిపోయాను.

రెండు రోజులకు గౌసుద్దీన్ వచ్చాడు. కంప్యూటర్ సెంటర్లో తేదీలు మార్చడం చిటికెలో పని అని ఎవరో సలహా ఇచ్చారట. అది తనకూ నచ్చలేదని చెప్పి, అయినా అడిగాడు.

"ఏం మారుస్త పాషా? ఏది ఏ ఐతారమో నాకే ఎరుక లేదు. నడుమ జెరమొచ్చి రెండు వారాలు తియ్యలే, ఓ నెల హైదరాబాద్ దవాఖానల ఉన్న. ఉత్తగ ఎట్ల రాస్త?" అన్నారు సార్.

భూలక్ష్మమ్మ మిషను దగ్గర కాజాలు కుడుతోంది. తల ఎత్తకుండానే అంది.

"నాకెరుక."

"నీకేం ఎరుక?"

"నా కొలతల పుస్తకం ఉన్నది గద. ఎవలిది, ఏ పండుగకు, ఏ పెండ్లికి, ఎన్నడియ్యాలె, అన్ని రాసి ఉంటయి. జాకెట్టు ఫొటో ముంగట ఉంటె, గుట్ట దాని ఎనుక వచ్చే ఐతారమే. ఇంకెన్నడైతది?"

గౌసుద్దీన్ టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆ తర్వాత పద్దెనిమిది రోజులు ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఒకే పని చేశారు. ఆమె కొలతల పుస్తకం చదివింది. ఆయన నా తెర మీద నంబర్లు చూసి రాశారు. ఈసారి కళ్ళద్దాలు పెట్టుకున్నారు. 611, 612 నంబర్లు రమాదేవి జాకెట్, చెల్లెలి పెళ్ళికి, 2022 ఫిబ్రవరి 23 బుధవారం. 613 నంబరు గుట్ట. ఎడమ భాగం నిండుగా ఉంది, దాని పైన పెద్ద రాతి గుండు కూడా ఉంది. 688, 689 నంబర్లు కోమల జాకెట్, సద్దుల బతుకమ్మకు, అదే ఏడు అక్టోబరు మూడు. దాని ముందటి నంబరు గుట్టది. ఎడమ భాగంలో పైనున్న గుండు లేదు. కొన్ని జాకెట్లకు పుస్తకంలో రోజు లేదు, ఆ ఫొటోల్ని సార్ పక్కన పెట్టేశారు. అనుమానమున్నవి ఒక్కటి కూడా కలపలేదు. చివరికి నూట అరవై నాలుగులో ముప్ఫై ఎనిమిది మిగిలాయి.

రెండో విచారణకు భూలక్ష్మమ్మతో పాటు పదకొండు మంది ఆడవాళ్ళు వచ్చారు. కొందరు ఆ జాకెట్లే తొడుక్కుని వచ్చారు. కొందరు సంచుల్లో తెచ్చారు. పెళ్ళిపత్రికలూ, పెళ్ళి ఫొటోలూ తెచ్చారు.

"గుట్ట కేసులో జాకెట్లేంటి మేడమ్?" అని క్వారీ వకీలు నవ్వాడు.

"నీకు తేదీ గావాలంటివి గద బాంచెన్, తెచ్చినం" అంది వెనకనుంచి ఒకామె.

అధికారిణి ఫొటోలో జాకెట్ చూసి, ఎదుటనున్న జాకెట్ చూసి, పెళ్ళి ఫొటోలో అదే జాకెట్ చూసి, పత్రికలో తేదీ రాసుకుంది. మూడోదాని దగ్గర కొద్దిగా ఆగింది.

"ఈ వెనక వైపు పని మీరే చేశారా?"

"నేనే మేడమ్. మెడకు లోపల కెన్వాస్ గుడ్డ ఏసి మలిచిన."

ఆమె తల ఊపి మళ్ళీ రాయడంలో పడింది. రమాదేవి వంతు వచ్చింది. జాకెట్ సంచిలో ఉంది.

"ఇప్పుడు నాకు పట్టది మేడమ్, ఒళ్ళు జేసిన. కావాలంటె మా చెల్లెకు తొడిగి సూపిస్త."

"అవసరం లేదమ్మా" అంది అధికారిణి. ఆ గదిలో అందరూ నవ్వారు, క్వారీ వకీలు కూడా. సార్ నవ్వలేదు. ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నారు.

జూన్ రెండో వారంలో ఉత్తర్వు వచ్చింది. ఎడమ భాగాన్ని తవ్వింది లీజు కాలంలోనే అని రాశారు. అక్కడ పని ఆపాలి. మిగిలిన భాగం చుట్టూ హద్దురాళ్ళు పాతాలి. పోయిన భాగం గురించి జరిమానా అని ఒక వాక్యం ఉంది. పోయిన భాగం గురించి ఎవరైనా అంతకన్నా ఏం రాయగలరు?

తర్వాతి ఆదివారం ఏడింటికి సార్ నన్ను తీసుకుని డాబా ఎక్కారు. బ్యాటరీ వేశారు. కళ్ళద్దాలు పెట్టుకుని తేదీ పెట్టారు, సంవత్సరం కూడా సరిచూసుకున్నారు. మీట నొక్కారు. నా లెన్సు ముందుకు రావాలి. కొద్దిగా కదిలి, గరగరమని, ఆగిపోయింది. మూడేళ్ళ రాతిదుమ్ము లోపల చేరింది. ఆయన మళ్ళీ నొక్కారు. లెన్సు చుట్టూ ఊదారు. ఇంకోసారి నొక్కారు. ఈ మోడల్‌కు ఇప్పుడు సామాను దొరకదని కరీంనగర్ మెకానిక్ అంతకుముందే ఒకసారి చెప్పాడు.

సార్ బ్యాటరీ తీయలేదు. నన్ను చేతిలోనే ఉంచుకుని పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. లెన్సు మూసుకుని ఉంది కాబట్టి ఆయన ఏం చూశారో నేను చూడలేదు. చాలాసేపు నిలబడ్డారన్నది మాత్రం తెలుసు.

కింద వాకిట్లోంచి భూలక్ష్మమ్మ అడిగింది.

"తీసినవా?"

"తియ్యలే. ఇది పనిజేస్తలేదు."

"మరి ఉత్తగ నిలబడి ఏం జూస్తున్నవు? గుట్ట ఉన్నదా?"

"ఉన్నకాడికి ఉన్నది" అన్నారు సార్.