జిల్లేడాకుల కాపడం

యలమంద పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు కోటిరత్నం పొయ్యి దగ్గర పని ఆపి మరీ చూస్తుంది. వారం నుంచీ ఇదే వరస. కుడి మడమ నేలకి ఆనగానే మనిషి విలవిల్లాడిపోతాడు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాక మాత్రం ఏమీ ఎరగనట్టు మిరప కల్లానికి పోతాడు. ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చోవడం పెళ్లాం వంతు. ఆమె అన్న వెంకయ్యకీ కాలితోనే మొదలైంది. షుగరని తెలిసేసరికి ఆలస్యమైపోయి, ఒంగోలు ఆసుపత్రిలో మోకాలి దాకా తీసేశారు.

ఊళ్లో వైద్యం చేసే బాజీ నిన్న వచ్చి మడమ నొక్కి చూశాడు.

"పొద్దస్తమానం గోనె గోతంలో దిగి మిరపకాయలు అణిగేట్టు మడమలతో తొక్కుతుంటే నెప్పి రాకుండా ఎట్టా ఉంటది బాబాయ్? పాదం కింద పట్టీ లాంటిది ఉంటది, అది వాచింది. ఒట్టికాళ్లతో గట్టినేల మీద తిరిగినా, ఒళ్లు బరువెక్కినా ఇట్టాగే వస్తది. కొన్నాళ్లు తొక్కుడు ఆపు. పన్లో పని షుగరు పరీక్ష కూడా చేయించుకో."

"కాయ మిర్చి యార్డుకి పోయినాక చూద్దాంలే" అన్నాడు యలమంద. ఆ మొండితనానికి మందు ఏ వైద్యుడి దగ్గరా లేదు.

సాయంత్రం కోటిరత్నం తనకి తెలిసిన వైద్యానికి దిగింది. ఇటుకని పొయ్యిలో కాచి, మీద జిల్లేడాకులు పరిచి అతని ముందు పెట్టింది. మడమ పట్టేస్తే ఊళ్లో అందరూ చేసుకునేదే. యలమంద కుడి మడమ ఆనించాడు, చురుక్కుమనగానే ఎత్తాడు, మళ్లీ ఆనించాడు. అతను ఎత్తినప్పుడల్లా ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అన్న కాలికి చివరికి నిప్పు తగిలినా తెలిసేది కాదు.

"ఆ కాలికి కూడా పెడదాం. రెంటితోనూ తొక్కుతావు గదా" అని ఇటుక మళ్లీ కాచి తెచ్చింది.

యలమంద ఎడమ మడమ ఆనించాడు. ఈ ఏడు కాయ రంగు బాగా తిరిగిందనీ, తాలు తక్కువనీ తీరిగ్గా చెప్పుకుపోతున్నాడు. కాలు మాత్రం ఎత్తలేదు. ఆకులు కమిలి వాసన వస్తోంది. కోటిరత్నం ఆకు అంచు సర్దబోయి, వేలు చుర్రుమని చెయ్యి లాక్కుంది.

రెండు చేతులా ఆ కాలు పట్టుకుని పైకి లాగేసింది. మడమంతా బొబ్బెక్కిపోయి ఉంది.

"ఏందే ఆ లాగటం?" అన్నాడు యలమంద నవ్వుతూ. "ఇటుక చల్లారిపోయింది. ఇంకాస్త కాచుకురా."