ముందు ట్రయల్

సర్వే చేసే అమ్మాయి అడిగిన ప్రశ్న దర్జీకి తెగ నచ్చింది. ప్రపంచమంతటికీ ఒకే ప్రభుత్వం, మనిషికో ఓటు ఉంటే మీకు ఇష్టమేనా అని. కత్తెర పక్కన పెట్టి, ప్రపంచం తన మాట కోసమే కాచుకుని ఉన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"ఉండి తీరాలమ్మా. ఎవరి మాట వాళ్లే చెప్పుకోవాలి. ఒకరి బదులు ఇంకొకరు చెప్పడం అన్యాయం కాదూ? మా ఇంట్లో నలుగురం. నాలుగూ అవుననే రాసుకో."

"మిగతావాళ్లని కూడా అడగాలండీ."

"వాళ్లని అడిగేదేముంది? నేను చెప్పానుగా."

లోపల గుండీలు కుడుతున్న భార్య, దారం పంటితో తెంపి బయటికొచ్చింది.

"నాది ఇప్పుడే వద్దని రాయమ్మా. ముందు ట్రయల్ మా ఇంట్లో వెయ్యాలి. ఈయనకి బిగుతు కాకపోతే, అప్పుడు ప్రపంచానికి కుడదాం."