మొదటి పేరు

ఆదివారం పొద్దున కౌముది చింతపండులో గింజలు తీస్తుంటే ఫోన్ మోగింది. చేతులు కడుక్కునేలోపే అత్త వాసవాంబ అననే అన్నది. "సెలవునాడు గూడ ఏందే ఆ ఫోన్ల లొల్లి?"

చేసింది ఆమె పనిచేసే ల్యాబ్ పెద్ద, ప్రొఫెసర్ రామానుజం. "అమ్మా, జర్నల్ వాళ్లు మన కొత్త పేపర్‌కు రచయితల వరుస ఖాయం చెయ్యమంటున్నారు. ఈసారికి దీక్షిత్ పేరు ముందు పెడదాం. వచ్చే నెల అతనికి ప్రమోషన్ ఇంటర్వ్యూ. నీకేం తొందర? మీవారికి ఉస్మాన్‌గంజ్‌లో అంత పెద్ద దుకాణముంది. మధ్యాహ్నంలోగా మెయిల్ పెట్టెయ్."

ఫోన్ పెట్టేశాక మళ్లీ చింతపండు ముందు కూర్చుంది గానీ చెయ్యి కదల్లేదు. ఈ పేపర్ కోసం గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో మాలలు కట్టే ఆడవాళ్ల పక్కన మూడేళ్లు కూర్చున్నది తను. వాళ్ల తలలకు మెదడు తరంగాలు పట్టే తీగల టోపీ పెట్టి, ఎవరో పిలిస్తే చెదిరిన ధ్యాస మళ్లీ పనిమీదికి ఎంతసేపటికి వస్తుందో కొలిచింది తను. అదే ల్యాబ్‌లో పనిచేసే దీక్షిత్ అక్కడికి ఒక్కసారి వచ్చాడు. పూల వాసనకు తలనొప్పి వస్తోందని వెళ్లిపోయాడు. ఆరేళ్ల కింద, మొదటి పేపర్ అప్పుడూ ఇదే మాట, 'ఈసారికి'. అప్పుడామెకు నెలలు నిండుతున్నాయి, కొట్లాడే ఓపిక లేక సరేనంది. ఇప్పుడు ఆ పేపర్‌ను దేశదేశాల వాళ్లు 'దీక్షిత్, తదితరులు' అని ఉదహరిస్తున్నారు. పోయినేడు బెంగళూరు సదస్సులో ఒక పరిశోధక విద్యార్థిని ఎంతో ఆదరంగా, "మేడం, మీరు దీక్షిత్ గారి పేపర్ తప్పకుండా చదవాలి" అన్నది. "చదివాను" అన్నది కౌముది.

లేచి వంటింట్లోంచి ముందుగదిలోకి, అక్కణ్నుంచి మళ్లీ వంటింట్లోకి తిరిగింది. సంగతి చెబితే భర్త నందకిశోర్ టీవీ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "పేరు ముందుంటే ఏంది, ఎన్కుంటే ఏంది? ఎవరు చదువుతరు అవి?"

"మీ దుకాణం బోర్డు మీద పక్క దుకాణమాయన పేరు రాస్తే ఊకుంటరా?"

"గదీ గిదీ ఒకటేనా!" నవ్వాడతను.

"కౌముదీ, చుట్టాలొచ్చే యాళ్లయింది. పులుసెప్పుడు చేస్తవ్?" లోపలినుంచి అత్త.

కౌముది లాప్‌టాప్ తెచ్చి వంటగట్టు మీద తెరిచింది. వరుస మొదట పంపినట్టే ఉండాలని, తన పేరే ముందని జర్నల్‌కు రాసింది. ఎవరెవరు ఏ పని చేశారని ఫారంలో అడిగారు. ఆలోచన, ప్రయోగం, విశ్లేషణ, రాత అన్నిటికీ తన పేరు నింపింది. దీక్షిత్ పేరు పక్కన ఏం రాయాలో చాలాసేపు ఆలోచించి, ఖాళీగా వదిలేసి, రామానుజానికీ ఒక ప్రతి పెట్టి పంపింది.

అరగంటకు రామానుజం ఫోన్. "ఏం చేశావమ్మా నువ్వు? వచ్చే ప్రాజెక్టులో నీకు చోటుండదు, తెలుసా?"

పదేళ్లుగా ఆయన ముందు ఆచితూచి పుస్తకాల భాషే మాట్లాడిన కౌముదికి ఇంటి మాటే వచ్చింది.

"ఉండకపోతే ఉండకపాయె సర్. ఇది మాత్రం నేను రాసిన."