మొదటి పేరు

కాలేయానికి కొవ్వు పట్టడం మీద ప్రొఫెసరమ్మ రాసిన వ్యాసాలు చాలానే ఉన్నాయి. అయినా ఆమె పేరు వినగానే ఆ రంగంలో ఎవరికైనా గుర్తొచ్చేది ఒక్కటే. ఎలుకల్లో ఒక జన్యువును తీసేస్తే, ఎంత కొవ్వు మేత పెట్టినా కాలేయం చెడదని, రక్తంలో చక్కెర పెరగదని చెప్పిన వ్యాసం. వేలమంది తమ రాతల్లో దాన్ని ఉదహరించారు. ప్రయోగాలన్నీ చేసింది ఆమె శిష్యురాలు కాబట్టి అందులో మొదటి పేరు ఆ అమ్మాయిదే. ల్యాబులో అందరూ ఆ అమ్మాయిని పిచ్చుక అనేవారు. ఒకచోట కుదురుగా కూర్చునేది కాదు, నోరు మూతపడేది కాదు. వ్యాసం అచ్చయిన ఏడాదే రోడ్డు ప్రమాదంలో పోయింది.

పిచ్చుక తల్లి దర్జీ. భర్త లేడు, ఇంకో బిడ్డ లేదు. అప్పుడప్పుడూ ఫోన్ చేసేది.

"మేడమ్ గారూ, మా పిల్లని ఇంకా తలుచుకుంటున్నారా జనం?"

ప్రొఫెసరమ్మ కంప్యూటర్లో చూసి చెప్పేది. "మొన్నటికన్నా పెరిగారక్కా."

"అది బతికుండగా నేనొక్కదాన్నే దాని సోది వినేదాన్ని. అదీ సగం సగం," అని నవ్వేది ఆవిడ.

ఆ వ్యాసాన్ని నమ్ముకుని, ఆ జన్యువును అణచే మందు ఒకటి తయారైంది. దాన్ని మనుషుల మీద పరీక్షించబోతుండగా, ప్రొఫెసరమ్మతో ల్యాబులో పనిచేసే సహచరుడు పాత ప్రయోగాన్ని మళ్లీ చేశాడు. ఆ ఫలితం రాలేదు. ఇంకోసారి చేశాడు. రాలేదు. ఫ్రీజర్లో దాచిన పాత నమూనాలు తీసి చూస్తే సంగతి బయటపడింది. జన్యువు తీసేసిన ఎలుకలూ, వాటితో పోల్చడానికి పెట్టుకున్న ఎలుకలూ ఒకే సంతతివి కావు. సరఫరా చేసినవాళ్ల దగ్గరే కలగాపులగం అయ్యాయి. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా పుట్టుకలోనే ఉంది; కాలేయం చెడకుండా కాపాడింది ఆ పుట్టుకే, జన్యువు తీసేయడం కాదు. పిచ్చుక చేసిన పనిలో వంక పెట్టడానికేమీ లేదు. తేల్చిన విషయమే తప్పు.

"చిన్న సవరణ వేసి ఊరుకుంటే?" అన్నాడు సహచరుడు, నేల చూస్తూ. "ఆ అమ్మాయికి ఉన్నదే ఒక్క వ్యాసం కదా."

"ఊరుకుంటే రేపు ఆ మందు మింగేది మనుషులు," అంది ప్రొఫెసరమ్మ.

వ్యాసం అచ్చువేసిన పత్రికకు రాయకముందే పిచ్చుక తల్లి ఇంటికి వెళ్లింది. కిటికీ కింద కుట్టుమిషను, దాని పక్కన చేతులు అతికించని చొక్కాలు కుప్పగా ఉన్నాయి. ఆవిడ మెడలో టేపు వేలాడుతోంది. విషయం చెప్పేసరికి మిషను ఆగిపోయింది.

"మా పిల్ల అబద్ధం రాసిందా?"

"లేదక్కా. కళ్లతో చూసిందే రాసింది. మాకొచ్చిన ఎలుకలే వేరు."

"అయితే ఆ మాటే పక్కన రాయండి."

"రాస్తాం. కానీ వ్యాసం చెల్లదని కూడా రాయాలి. ప్రతి పేజీ మీదా ఎర్రగా పడుతుంది."

"దాని పేరు మీద కూడానా?"

ప్రొఫెసరమ్మ తలూపింది.

"మీకేం మేడమ్, మీకు ఇంకా బోలెడున్నాయి. దానికి అదొక్కటే." ఆవిడ టేపు తీసి వేళ్లకు చుట్టుకుంది, విప్పింది. "ఇలాగే వదిలేస్తే?"

"రోగులకు ఆ మందు ఇస్తారు. అది పనిచెయ్యదు. కొందరికి ప్రాణం మీదకీ రావచ్చు."

ఆవిడ టేపు మళ్లీ మెడలో వేసుకుంది.

"చెయ్యాల్సింది చెయ్యండి," అంది ఆవిడ చివరికి. "నాచేత మాత్రం సరే అనిపించకండి."

పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. మందు పరీక్షలు ఆగాయి. సభల్లో కొందరు ప్రొఫెసరమ్మ నిజాయితీని పొగిడారు. ఆ పొగడ్త ఆమెకు పుండు మీద కారంలా తగిలేది. పిచ్చుక తల్లికి ఫోన్ చేద్దామని తీయడం, పెట్టేయడం, అదే సరిపోయింది.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం ఆవిడే ల్యాబుకు వచ్చింది.

"అది ఎక్కడ కూర్చునేదో చూపిస్తారా?"

ప్రొఫెసరమ్మ ఆవిడను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఎలుక కాలేయపు పలచటి పొరతో పిచ్చుక సిద్ధం చేసిన గాజు పలక ఒకటి వెతికి లెన్సు కింద పెట్టింది. "ఆ తెల్లటి చుక్కలు కొవ్వక్కా. గంటల తరబడి వాటినే చూసేది."

"ఇవన్నా నిజమేనా?"

"నిజమే."

ఆవిడ వంగి చూసింది. "నాకేం తెలియట్లేదు," అంది. అయినా కన్ను తియ్యలేదు.

"వెలుతురు కాస్త పెంచనా?"

"వద్దు. దానికి ఎలా కనపడేదో అలాగే ఉండనీ."