చుట్టబట్ట

మాదాపూర్ బడిలో లిఫ్ట్ చెడిపోయింది. అయితే ఏంటి? నెత్తిన చుట్టబట్ట, దాని మీద నీళ్ల డబ్బా పెట్టుకుని ఆయా రుక్కమ్మ అప్పటికే నాలుగో అంతస్తు ఎక్కేస్తోంది! సన్నటి మనిషి, నెరిసిన ముడి, నిటారు మెడ. అరవై నిండాయని కాంట్రాక్టరు ఈ రోజుతో పని చాలన్నాడు. పిల్లలకి చెప్పలేదు. చెబితే ఏడుస్తారు, మళ్లీ ముక్కులు తుడవాల్సింది తనే!

ఆరో తరగతిలో డబ్బా దించి, చుట్టబట్ట అక్కడి బల్ల మీద పడేసి, బాత్రూములు కడగడానికి పోయింది. సగంలో చుట్టబట్ట గుర్తొచ్చింది. అమ్మ చీర చింపి చుట్టిన బట్ట అది. అమ్మది మిగిలిందల్లా అదే.

పరుగున వచ్చేసరికి పాఠం మొదలైపోయింది. ఇంట్లో ఆడవాళ్లు పనికి వాడిన వస్తువొకటి తెమ్మని నిన్ననే చెప్పింది జ్యోత్స్న టీచర్. ఎవరిదో చెప్పకూడదు. ముట్టుకుని చూసి, ఆ మనిషి ఎలా బతికిందో మిగతావాళ్లు ఊహించాలి. బల్ల మీద కుట్టు కత్తెర, చేట, స్టెతస్కోపు... మధ్యలో మాసిపోయిన చుట్టబట్ట!

"పిల్లి పరుపు!" అన్నాడు నితీష్.

"కాదు, కిరీటం!" హర్షిణి నెత్తిన పెట్టేసుకుంది. గది గొల్లుమంది.

"ఎవరు తెచ్చారిది?" టీచర్ అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు.

రుక్కమ్మ గుమ్మంలోంచే చెయ్యి చాపింది. "నాదే మేడమ్. యాది మరిచిన. జర ఇయ్యుండ్రి."

"దీంతో ఏం చేస్తారు ఆయమ్మా?" అడిగాడు నితీష్.

"ఇసుక, కంకర మోసినం బిడ్డా, నేను, మా అమ్మ." కిటికీలోంచి వేలు చూపింది. "గా అద్దాల బిల్డింగు లేదా, గదానికే."

"మీరు కట్టారా?!"

"నేనేం కట్టిన! మోసిన, గంతే."

అంటూ అటు చూసింది. నేల చూసి తుడవడమే గానీ, ఈ కిటికీలోంచి ఎప్పుడు చూసింది గనక! అద్దాల మీద మబ్బులు నడుస్తున్నాయి. అబ్బో, ఇంత ఎత్తా? ఇదంతా అమ్మ నెత్తి మీంచే పోయిందా?

నితీష్ చుట్టబట్టని రెండు చేతులా అందుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు నెత్తిన పెట్టుకుని, మెడ నిలబెట్టి, గది చుట్టూ నడిచారు.

"మీ అమ్మ పేరేంటి ఆయమ్మా?" హర్షిణి అడిగింది.

"పోచమ్మ." ఆ పేరు ఎవరైనా అడిగి ఎన్నేళ్లయిందో! హర్షిణి అట్టముక్క మీద పెద్దగా రాసి బల్ల మీద పెట్టింది.

బస్సులు వెళ్లిపోయాక రుక్కమ్మ గది ఊడ్చింది. చుట్టబట్ట సంచిలో వేసుకుంది. గుమ్మం దాటి, ఆగింది. తన దగ్గరుంటే అమ్మ పేరు ఇంకెవరడుగుతారు? వెనక్కొచ్చి బల్ల మీద పెట్టేసింది.

"లిఫ్ట్ ఇంకా బాగుకాలే. రేపు గూడ డబ్బా నువ్వే మొయ్యాలె అక్కా," అన్నాడు వాచ్‌మన్ పుల్లయ్య, తాళాలు తీసుకుంటూ.

"ఇగ నువ్వే మొయ్యి తమ్మీ," అని నవ్వి గేటు దాటింది.

పైన, స్టెతస్కోపు పక్కన, అట్టముక్క మీద చుట్టబట్ట. దాని నడుమ ఇంకా ఒక నెత్తి పట్టేంత గుంట.